పరాయి భాషలో తొలి బడి: చిన్నపిల్లలతో కొత్త దేశానికి వచ్చినవారికి

మా పాపను మొదటిసారి డే కేర్‌లో దింపిన రోజు సాయంత్రం సంచి తెరిస్తే, పొద్దున నింపి పంపిన నీళ్ల సీసా నిండుగా అలాగే ఉంది. రెండోరోజూ అంతే. మూడోరోజు ఇంట్లో అడుగు పెట్టగానే రెండు గ్లాసుల నీళ్లు గడగడా తాగింది. అప్పుడు గాని నాకు తట్టలేదు. సీసాలు పెట్టే అర దాని చేతికి అందదు, అడుగుదామంటే అక్కడివారి భాష రాదు. "నీళ్లు" అని ఎన్నిసార్లు అందో, ఎవరికీ అర్థమై ఉండదు. నేను ఆ కేంద్రాన్ని ఎంచుకున్నది గోడల మీది బొమ్మలు చూసి, ఆఫీసుకు దగ్గరని. మాట రాని చోట ఒక రెండున్నరేళ్ల పిల్ల అవసరాన్ని ఎవరు కనిపెట్టి చూస్తారని మాత్రం అడగలేదు. మీరు అడగండి. కింద రాసినవన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

ముందు పేర్ల సంగతి చెప్పాలి, చాలామంది ఇక్కడే తికమక పడతారు. కిండర్‌గార్టెన్ అంటే జర్మనీలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఆడుకునే చోటు. అమెరికాలో అది దాదాపు ఐదేళ్లకు మొదలయ్యే బడి చదువులో మొదటి తరగతి. ఆస్ట్రేలియాలోనైతే ఒకే దేశంలో రెండు అర్థాలు: న్యూ సౌత్ వేల్స్‌లో బడిలో మొదటి సంవత్సరం, విక్టోరియాలో బడికి ముందు దశ. అందుకే ఎవరిని అడిగినా తరగతి పేరుతో కాక బిడ్డ వయసు చెప్పి అడగండి. "మూడేళ్ల నాలుగు నెలలు నిండాయి, ఏయే చోట్ల చేర్చుకుంటారు?" అంటే సరైన జవాబు వస్తుంది. బడి మొదలయ్యే వయసు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. న్యూజిలాండ్‌లో చాలామంది ఐదో పుట్టినరోజు నాటికి బడికి వెళతారు, ఫిన్లాండ్‌లో ఏడేళ్లు నిండే ఏడాదిలో. ఇంకో దేశంలో ఉన్న చుట్టాల పిల్లలు అప్పుడే రాసేస్తున్నారని మీరు బెంగ పెట్టుకోవలసిన పని లేదు.

పేరు నమోదు మాత్రం ఆలస్యం చేయకండి. జర్మనీలో ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ సంరక్షణ కేంద్రంలో చోటు 2013 ఆగస్టు 1 నుంచి చట్టం ఇచ్చిన హక్కు. అయినా పెద్ద నగరాల్లో నెలల తరబడి ఎదురుచూసేవారు ఎందరో. అద్దె ఇల్లు ఖాయమైన వారంలోనే ఒక చోట కాదు, నాలుగైదు చోట్ల వెయిటింగ్ లిస్టులో పేరు రాయించండి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే గంటల విషయంలో వీసా షరతు ఉందా అని ముందే తెలుసుకోండి. ఇంగ్లండ్‌లో మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ ఏడాదిలో 38 వారాలపాటు వారానికి 15 గంటలు ఉచితం. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు 2025 సెప్టెంబరు నుంచి తొమ్మిది నెలల వయసు మొదలు 30 గంటల వరకు ఇస్తున్నారు గాని, దానికి ఆదాయం, వీసా నిబంధనలు ఉన్నాయి. 38 వారాలంటే మిగిలిన 14 వారాలు ఏం చేయాలన్నది కూడా మీ లెక్కలో ఉండాలి. టీకాల పుస్తకం విమానంలో మీ చేతిసంచిలోనే ఉంచుకోండి. జర్మనీలో 2020 మార్చి నుంచి తట్టు టీకా రుజువు చూపనిదే కేంద్రంలో చేర్చుకోరు. మిగతా దేశాల్లోనూ ఏదో ఒక రూపంలో టీకాల వివరాలు అడుగుతారు.

ఇక కేంద్రాన్ని చూడడానికి వెళ్లినప్పటి సంగతి. ఒక్కో టీచరుకు ఎందరు పిల్లలని తప్పక అడగండి. రెండేళ్లలోపు పిల్లల విషయంలో ఇంగ్లండ్‌లో ఒకరికి ముగ్గురు, ఆస్ట్రేలియాలో నలుగురు, న్యూజిలాండ్‌లో ఐదుగురు మించకూడదని నియమం. అడిగాక గదిలోకి వెళ్లి మీరే లెక్కపెట్టండి. కుదిరితే భోజనానికి కాస్త ముందు వెళ్లండి. అప్పటికి పిల్లలు అలిసి, ఆకలేసి, గునుస్తూ ఉంటారు. ఆ అరగంటలో తెలిసినంతగా, మెరిసే గదులు తిప్పి చూపించే పదిన్నర గంటల వేళ తెలియదు. ఏడ్చే పిల్ల దగ్గరికి ఎవరు వెళుతున్నారు? నిలబడే మాట్లాడుతున్నారా, మోకాళ్ల మీద కూర్చుని కళ్లలోకి చూస్తున్నారా? ఓ మూల మౌనంగా ఉన్న పిల్లవాడిని పలకరించిన మనిషి ఉన్నారా? అల్లరి చేసేవాడిని అందరూ చూస్తారు. వేరే దేశం నుంచి వచ్చిన పిల్లలు మౌనంగా ఉండేవారి జాబితాలో చేరతారు, కాబట్టి నా చూపు ఎప్పుడూ అటే పోతుంది. "ఈ గదిలో టీచర్లు ఎన్నేళ్లుగా ఉన్నారు?" అన్నది కూడా మంచి ప్రశ్న. ఆరు నెలలకోసారి మనుషులు మారిపోయే చోట బిడ్డకు చనువు కుదరదు.

అక్షరాలు దిద్దించడం లేదని, ఎప్పుడు చూసినా ఇసుకలోనో నీళ్లలోనో ఆడిస్తున్నారని కొందరు నొచ్చుకుంటారు. ఆ వయసులో ఆటే చదువు. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్లు పోసే పిల్లకు కొలత, వంతు, ఓర్పు అన్నీ అక్కడే అబ్బుతున్నాయి. స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ వంటి నార్డిక్ దేశాల్లో వాన పడుతున్నా పిల్లలను బయటికి పంపుతారు, చంటిపిల్లలను బండిలో ఆరుబయటే నిద్రపుచ్చుతారు. అది నిర్లక్ష్యం కాదు. మంచి వానకోటు, బూట్లు కొనిపెట్టండి, చాలు. తనిఖీ నివేదికలు కూడా చదవండి. ఇంగ్లండ్‌లో ఆఫ్‌స్టెడ్, న్యూజిలాండ్‌లో ఈఆర్ఓ అనే ప్రభుత్వ తనిఖీ సంస్థలు వాటిని ప్రచురిస్తాయి. అమెరికాలో రాష్ట్రాల లైసెన్సు విభాగాల వెబ్‌సైట్లలో దొరుకుతాయి. లోపం ఉందా అన్నదానికన్నా, ఎత్తిచూపిన లోపాన్ని దిద్దుకున్నారా అన్నది చూడండి.

అలవాటు పడే కాలానికి సెలవు దాచుకోండి. ఉద్యోగంలో చేరే తేదీ మాట్లాడుకునేటప్పుడే ఈ రోజులు లెక్కలో వేసుకోవాలి. జర్మనీలో ఎక్కువగా పాటించే బెర్లిన్ పద్ధతిలో మొదటి మూడు రోజులు తల్లో తండ్రో బిడ్డతోపాటే గదిలో కాసేపు ఉంటారు, విడిచి వెళ్లడమన్నదే ఉండదు. నాలుగోరోజు కొద్ది నిమిషాలు మాత్రం బయటికి వెళ్లి చూస్తారు. బిడ్డ తట్టుకున్నదాన్ని బట్టి తరువాతి రోజులు సాగుతాయి. మీరు ఉన్న దేశంలో ఈ పద్ధతి లేకపోయినా, "మొదటివారం నేను లోపల ఉండవచ్చా?" అని అడగడానికి మొహమాటపడకండి. కుదరదని కరాఖండిగా చెప్పే చోటు గురించి నేనైతే రెండుసార్లు ఆలోచిస్తాను.

భాష గురించి చాలా గట్టిగా చెప్పదలచుకున్నాను. బిడ్డ కొత్త భాషకు త్వరగా అలవాటు పడుతుందని ఇంట్లో తెలుగు మానేయకండి. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావు. కొత్త భాషలో మొదట కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పెదవి విప్పకపోవడం మామూలే. ఆ మౌనంలో వింటూ పోగు చేసుకుంటున్నారు. ఇంట్లో తెలుగులో కూడా వయసుకు తగ్గ మాటలు రాకపోతే అప్పుడు డాక్టరుకు చూపించండి.

నీళ్ల సీసా సంగతి తెలిశాక నేను ఒక కాగితం మీద పన్నెండు మాటలు రాశాను: నీళ్లు, ఆకలి, చాలు, నొప్పి, నిద్ర, భయం, ఉచ్చ, అమ్మ, ఎత్తుకో, వద్దు, ఇంకా, ఇంటికి. పక్కనే వాళ్ల లిపిలో పలికే తీరు, అర్థం. మొదటి చోట దాన్ని ఫైలులో పెట్టేశారు. రెండు నెలలకు మారిన రెండో చోట టీచరు దాన్ని సింకు పక్కన గోడకు అంటించింది. మరునాడు నేను తలుపు దగ్గర బూట్లు విప్పిస్తుంటే, ఆమె మోకాళ్ల మీద కూర్చుని, సీసా చూపించి, "నీల్లూ?" అంది. పాప ఆమెను కాసేపు చూసి, చేయి చాచింది.