నొక్కకుండానే నొక్కుకునే బటన్

మా ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) ల్యాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ ఎడమ బటన్ ఎవరూ తాకకుండానే నొక్కుకునేది. ఫైళ్లు వాటంతట అవే ఈడ్చుకుపోయేవి. సిస్టమ్‌ను రెండుసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, వృథా శ్రమ. మీకూ ఇలాగే ఉంటే, విజయనగరం గంటస్తంభం వైపు మరమ్మతు దుకాణాలు వెతుక్కుంటూ వెళ్లే ముందు ఒక పని చేయండి. మౌస్, టచ్‌ప్యాడ్‌ల నుంచి వచ్చే సంకేతాలను చూపించే లిబ్‌ఇన్‌పుట్-టూల్స్ (libinput-tools) ప్యాకేజీ వేసుకుని, టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీలో) సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, ‘లిబ్‌ఇన్‌పుట్ డీబగ్-ఈవెంట్స్’ (sudo libinput debug-events) కమాండ్ నడపండి. తర్వాత చేతులు కట్టుకుని చూడండి (ఇదే కష్టం, వేళ్లు ఊరుకోవు). ఏమీ తాకకుండానే ‘బీటీఎన్ లెఫ్ట్’ (BTN_LEFT, అంటే ఎడమ బటన్) అన్న వరుసలు వస్తుంటే చాలా వరకు లోపం బటన్‌దే, పాపం లినక్స్‌ను తిట్టకండి. ప్రతి వరుస మొదట్లో ఉండే ఈవెంట్ సంఖ్యను బట్టి అది ఏ పరికరమో తెలుస్తుంది. ప్రస్తుతం సెట్టింగ్స్‌లో టచ్‌ప్యాడ్‌ను ఆపేసి యూఎస్‌బీ మౌస్‌తో నెట్టుకొస్తున్నాను.