పాత స్టీరియో స్పీకర్లు, పాఠం 5: కాయిల్ రాసుకుంటోందా, వేలు తప్పుగా పెట్టారా?

ఈ పాఠంలో క్రాసోవర్ (బరువైన, సన్నని స్వరాలను వేరువేరు స్పీకర్లకు పంచే సర్క్యూట్) కెపాసిటర్లు మార్చుకోవాల్సింది. కానీ పోయినసారి చెప్పినట్టు వూఫర్‌కు (బరువైన స్వరాలు పలికే పెద్ద స్పీకర్) కొత్త సరౌండ్ (కోన్ అంచును ఫ్రేమ్‌కు కలిపే మెత్తటి వలయం) వేసుకున్నవాళ్ల దగ్గర్నుంచి ఒకటే ఫిర్యాదు: "అతికించి ఆరబెట్టాక కోన్ నొక్కితే కరకరమంటోంది." కొందరు తొందరపడి కొత్త సరౌండ్ పీకేశారు కూడా. కాబట్టి సోల్డరింగ్ ఐరన్ ఇవాళ వేడెక్కించొద్దు. కాయిల్ (కోన్ వెనక ఉండి దాన్ని కదిలించే తీగచుట్ట) సంగతి తేలాకే కెపాసిటర్లు.

ముందు మీరు కోన్ ఎలా నొక్కారో చెప్పండి. ఒక పక్కన, ఒక్క వేలితో నొక్కారు కదా? అలా నొక్కితే ఫ్యాక్టరీ నుంచి నిన్న వచ్చిన వూఫరైనా కరకరమంటుంది. అయస్కాంతంలో కాయిల్ కదిలే సందు చాలా ఇరుకు. కాయిల్‌కూ లోహానికీ మధ్య ఉండే ఖాళీ మిల్లీమీటరులో చిన్న వంతు. ఒక పక్క నొక్కగానే కోన్ ఒరుగుతుంది, కాయిల్ కింది అంచు గోడకు తగులుతుంది. పాట పాడుతున్నప్పుడు కోన్‌ను ఎవరూ ఒక పక్కకు నొక్కరు. కాయిల్ నెట్టినప్పుడు అది చుట్టూ సమానంగా లేస్తుంది, సమానంగా దిగుతుంది. మీరు విన్న చప్పుడు వూఫర్ జబ్బు కాకపోవచ్చు, మీ వేలు పుట్టించినదే కావచ్చు. బాగున్న సరౌండ్‌ను ఈ ఒక్క పొరపాటుతో చింపి పారేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇలా చేయండి. ఫ్యాన్ ఆపేయండి. వూఫర్‌ను టేబుల్ మీద వెల్లకిలా పెట్టి, రెండు బొటనవేళ్లను డస్ట్ క్యాప్‌కు (కోన్ నడిమి గుండ్రటి మూత) అటూ ఇటూ, ఎదురెదురుగా, సమాన దూరంలో ఆనించండి. రెండిటితో ఒకే బరువు వేసి నాలుగైదు మిల్లీమీటర్లు మెల్లగా నొక్కి వదలండి. తర్వాత వేళ్లను పావు చుట్టు తిప్పి మళ్లీ నొక్కండి. చెవి కోన్‌కు జానెడు దూరంలో ఉండాలి. మెత్తగా, చప్పుడు లేకుండా దిగి లేస్తే మీ పని బాగా కుదిరినట్టే.

ఇంకా అనుమానముంటే తీర్పు టోన్‌కు వదిలేయండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, 25 హెర్ట్జ్ దగ్గర ఉంచి, ఆంప్లిఫయర్ వాల్యూమ్ సున్నా నుంచి కొద్దికొద్దిగా పెంచండి. కోన్ రెండు మూడు మిల్లీమీటర్లు ఊగుతూ కనిపిస్తే చాలు. మంచి వూఫర్ ఆ స్థాయిలో దాదాపు ఏమీ వినిపించదు, గాలి మాత్రం తగులుతుంది. రాసుకుంటుంటే ప్రతి ఊపుకూ కాగితం గీరినట్టు గరగర వస్తుంది.

గరగర వస్తే టోన్ ఆపకుండానే కోన్ అంచును వేలికొనతో ఒక్కో దిక్కుకు అతి మెల్లగా జరిపి చూడండి. ఎటు జరిపితే చప్పుడు ఆగుతుందో కోన్ అటు జరగాలి. ఆ దిక్కుకు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు ఫ్రేమ్‌కు అంటుకున్న బయటి అంచును మాత్రమే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి విడదీయండి. కోన్‌కు అంటిన లోపలి అంచు జోలికి పోవద్దు. మళ్లీ జిగురు రాసి, టోన్ నడుస్తుండగానే గుర్తు వైపు జరిపి, చప్పుడు పోయిన చోట నిలపండి. క్షణాల్లో పట్టేసే జిగురు ఇక్కడ పనికిరాదు. జరుపుకోవడానికి కనీసం పది నిమిషాలైనా వ్యవధి ఇచ్చే తెల్ల జిగురే వాడండి.

నా మటుకు నేను టోన్‌కు బదులు డస్ట్ క్యాప్ కోసి, కాయిల్‌కూ మధ్య కడ్డీకీ నడుమ నాలుగు పక్కలా పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కలు దూర్చి బిగిస్తాను. కాయిల్ కదలదు, జిగురు ఆరేదాకా నిశ్చింత. పైగా సందులో పడ్డ పాత సరౌండ్ ఫోమ్ పొడి కంటికి కనిపిస్తుంది. కేంద్రం సరిగ్గా కుదిరినా గరగర ఆగనివాళ్లు ముందు ఆ పొడినే అనుమానించాలి. మడతపెట్టిన మాస్కింగ్ టేపును సందులో తిప్పితే అదంతా అంటుకుని వస్తుంది.

సరౌండే సరిపోని కేసులు కూడా వచ్చాయి. అంగుళాలు చెప్పి కొంటే ఇదే గతి. అమెరికన్ స్పీకర్ రూపకర్త హెన్రీ క్లాస్ 1969లో తెచ్చిన లార్జ్ అడ్వెంట్ స్పీకర్‌నే చూడండి. వూఫర్ 10 అంగుళాలదే అయినా, చుట్టూ ఉన్న మేసనైట్ (గట్టి చెక్కపీచు అట్ట) చట్రం వల్ల పైకి 12 అంగుళాలుగా కనిపిస్తుంది. అమెరికాలో పాత సామాన్ల అమ్మకంలో ఆ జత దొరికిన మనవాళ్లు కొందరు పైకి కనిపించిన కొలతతో ఆర్డరిచ్చారు. కోన్ బయటి వ్యాసం, ఫ్రేమ్ మీద సరౌండ్ కూర్చునే గట్టు లోపలి, బయటి వ్యాసాలు మిల్లీమీటర్లలో కొలిచి కొనండి.

మన సముద్రతీరం తేమకు ఫోమ్ మళ్లీ పొడి అవుతుంది కదా, రబ్బరు వేస్తే పోలా అని అడిగారు. వద్దు. రబ్బరు బరువు, బిగువు వేరు. అడ్వెంట్‌ లాంటివాటిది గాలి చొరబడని పెట్టెలో, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకునేలా లెక్కగట్టిన వూఫర్. అది ఎడ్గర్ విల్చర్ 1954లో ఏఆర్-1 స్పీకర్‌తో తెచ్చిన పద్ధతి. మెత్తటి సరౌండ్ ఆ లెక్కలో భాగం.

ఇంకా కొననివాళ్లకు ఇందులోనే సలహా ఉంది. గ్రిల్ తీయించకుండా డబ్బివ్వకండి. 1970లో వచ్చిన జేబీఎల్ ఎల్100 వూఫర్‌ది గుడ్డ సరౌండ్, ఫోమ్‌లా పొడి అవదు. బీబీసీ రూపొందించిన ఎల్ఎస్3/5ఏ స్పీకర్‌లోని కెఫ్ బీ110 వూఫర్‌ది రబ్బరు. ఫోమ్ ఉన్నది చిరిగిపోయినా పరవాలేదు, ధర తగ్గించమనండి. కోన్, కాయిల్ బాగుంటే చాలు. మల్టీమీటర్‌లో 8 ఓమ్‌ల వూఫర్ 6 దరిదాపుల్లో చూపిస్తే కాయిల్ తెగలేదన్నమాట.

పెట్టెలో బిగించేముందు 1.5 వోల్టుల బ్యాటరీని క్షణం తగిలించండి. ప్లస్‌కు ప్లస్ పెడితే కోన్ ముందుకు రావాలి. పాత జేబీఎల్‌లలో వెనక్కి పోతుంది. అది ఆ కంపెనీ అప్పటి పద్ధతి, వైర్లు మార్చేయకండి.

అభ్యాసం ఈసారి కష్టమైనదే. రెండు వూఫర్లనూ పెట్టె బయట, టేబుల్ మీద కొలవాలి. ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌కు 1000 ఓమ్‌ల రెసిస్టర్ వరసలో పెట్టి వూఫర్‌కు కలపండి. ఆంప్లిఫయర్ దగ్గర 1 వోల్టు ఏసీ ఉంచితే వూఫర్ కొసల దగ్గర వచ్చే మిల్లీవోల్టులే దాదాపుగా దాని ఓమ్‌లు. ఏసీలో మిల్లీవోల్టులు చూపే మీటరే కావాలి. 15 హెర్ట్జ్ నుంచి 100 దాకా రెండేసి హెర్ట్జ్ పెంచుతూ, ప్రతిసారీ 1 వోల్టు సరిచూసుకుంటూ రాసుకోండి. అంకె ఒకచోట బాగా పెరిగి మళ్లీ పడిపోతుంది. ఆ శిఖరమే రెజొనెన్స్, అంటే వూఫర్ తనంతట తాను తేలిగ్గా ఊగే హెర్ట్జ్. రెండు వూఫర్ల శిఖరాల మధ్య తేడా నేను 4 హెర్ట్జ్ దాటనివ్వను. దాటితే ఎక్కువ అంకె ఉన్నదాని సరౌండ్ బిగిసిందేమో, జిగురు మడత మీదికి పాకిందేమో చూడండి. ఆ రెండు పట్టికలూ పంపండి. కెపాసిటర్లు వాటిని చూశాకే.