ప్రెప్ తీసుకునే పేషెంట్‌కి బిల్లు పడిందా? ముందు మన క్లెయిమ్ తెరిచి చూడండి

గచ్చిబౌలి ఆఫీసుల్లో రాత్రి షిఫ్టులో అమెరికా ఆరోగ్య బీమా క్లెయిమ్‌లు చూసేవాళ్ల కోసం ఇది. హెచ్‌ఐవీ సోకకుండా ముందే తీసుకునే మందు ప్రెప్. చెప్పినట్టు వాడితే లైంగికంగా సోకే ముప్పు దాదాపు 99 శాతం తగ్గుతుంది. అక్కడి నివారణ సేవల టాస్క్‌ఫోర్స్ 2019లో దీనికి 'ఏ' గ్రేడ్ (గట్టి సిఫారసు) ఇచ్చింది. అందుకే 2021 నుంచి చాలా ప్రైవేటు బీమా ప్లాన్లు కోపే (ప్రతిసారీ పేషెంట్ కట్టే వాటా), డిడక్టబుల్ (బీమా చెల్లించడం మొదలయ్యేలోపు పేషెంట్ కట్టాల్సిన మొత్తం) లేకుండా దీన్ని కవర్ చేయాలి. మందే కాదు, దానికి కావాల్సిన పరీక్షలూ, డాక్టర్ విజిటూ అందులోకే వస్తాయి.

సమస్య: ల్యాబ్ పరీక్షలు డిడక్టబుల్‌లోకి వెళ్లాయి

ఈఓబీలో (బీమా కంపెనీ పంపే చెల్లింపు వివరాల పత్రం) పీఆర్ 1 కనిపిస్తుంది, అంటే ఆ మొత్తం డిడక్టబుల్ కింద పేషెంట్ కట్టాలని. చాలాసార్లు తప్పు మన వైపే ఉంటుంది. హెచ్‌ఐవీ పరీక్ష కోడ్ 87389 పక్కన మాడిఫయర్ (కోడ్‌కి తోడుగా వేసే రెండంకెల గుర్తు) గడి ఖాళీగా ఉంటుంది. అక్కడ 33 లేకపోతే అది నివారణ సేవ అని పేయర్ (బీమా కంపెనీ) సిస్టమ్‌కి తెలియకపోవచ్చు. డయాగ్నసిస్ కోడ్ కూడా చూడండి. ప్రెప్ కోసమే 2023 అక్టోబర్ 1 నుంచి జెడ్ 29.81 వచ్చింది. ఇంకా పాత కోడ్‌లతోనే పంపే క్లినిక్‌లు ఉన్నాయి.

సొంతంగా కోడ్ మార్చేయకండి. డాక్టర్ నోట్స్‌లో ప్రెప్ అని ఉందో లేదో చూసి కోడింగ్ టీమ్‌కి పంపండి. తర్వాత క్లెయిమ్ ఫారం బాక్స్ 22లో 7 (పాత క్లెయిమ్ బదులు ఇది అని చెప్పే కోడ్) వేసి, పాత క్లెయిమ్ నంబర్‌తో కరెక్టెడ్ క్లెయిమ్ పంపాలి. కొత్త క్లెయిమ్‌లా పంపితే డూప్లికేట్ అని కొట్టేస్తారు.

ఈ హెచ్‌ఐవీ పరీక్ష మూడు నెలలకోసారి ఉంటుంది. ఒకసారి నా వర్క్‌లిస్టులో ఒకే పేషెంట్‌వి మూడు ల్యాబ్ బిల్లులు వరుసగా కనిపించాయి, మూడింట్లోనూ 33 లేదు. నాలుగో పరీక్ష అసలు జరగనే లేదు. బిల్లులకు భయపడి మందే మానేశారేమో అని ఆ రాత్రంతా మనసు కుదుటపడలేదు.

సమస్య: ఫార్మసీలో కోపే అడిగారు

జెనరిక్ ఉండగా బ్రాండ్ రాసి ఉండొచ్చు. లేదా అదే మాత్రను హెచ్‌ఐవీ చికిత్సకూ వాడతారు కాబట్టి చికిత్స అనుకుని ఉండొచ్చు. ప్రిస్క్రిప్షన్ మీద డయాగ్నసిస్ కోడ్ వేయమని క్లినిక్‌కి చెప్పండి.

సమస్య: "ఆ రూల్ మీద కోర్టులో కేసుంది" అని పేయర్ రెప్ అన్నారు

ఆ కేసు తేలిపోయింది. 2025 జూన్ 27న కెనెడీ వర్సెస్ బ్రెయిడ్‌వుడ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో, నివారణ సేవలను కోపే లేకుండా కవర్ చేయాలన్న ఆ నిబంధనను నిలబెట్టింది. ఇది చెప్పి సూపర్‌వైజర్‌ని అడగండి, కాల్ రిఫరెన్స్ నంబర్ రాసుకోండి.

2010 మార్చి 23కి ముందు నుంచీ పెద్దగా మారకుండా నడుస్తున్న ప్లాన్లకూ, షార్ట్‌టర్మ్ ప్లాన్లకూ ఈ నిబంధన వర్తించదు. అలాంటప్పుడు మందు కంపెనీల సహాయ పథకాల గురించి పేషెంట్‌కి చెప్పమని క్లినిక్‌కి నోట్ పెట్టండి. మిగతా అన్ని కేసుల్లో రీప్రాసెస్ అయ్యేదాకా పేషెంట్ స్టేట్‌మెంట్ (పేషెంట్‌కి వెళ్లే బిల్లు) హోల్డ్‌లో పెట్టించండి.