నెట్ జేపెగ్‌ను ఈఎక్స్‌ఆర్‌గా మార్చేటప్పుడు

నెట్‌లో దొరికిన జేపెగ్‌ను 32 బిట్‌లోకి మార్చి ఈఎక్స్‌ఆర్‌గా (మామూలు తెలుపుకన్నా ఎక్కువ వెలుగును కూడా దాచగల ఫైలు రకం) సేవ్ చేస్తే ఫైలు బరువు పెరుగుతుంది తప్ప బొమ్మలో కొత్త వెలుగేమీ రాదు. జేపెగ్‌లో ఒక్కో ఛానెల్‌కు 256 మెట్లే. పై మెట్టు 255, ఈఎక్స్‌ఆర్‌లో 1.0 అవుతుంది. హెచ్‌డీఆర్ (చీకటి నుంచి మిరుమిట్ల దాకా వెలుగు తేడాలు దాచిన బొమ్మ) అనాలంటే 1.0 దాటిన విలువలు ఉండాలి. అవి ఫైల్లో లేవు, మనమే పెట్టాలి.

ముందు అసలు ఫైలు దొరుకుతుందేమో ఫొటో తీసినవాళ్లను అడగండి. వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపమనండి. ఆండ్రాయిడ్ 14తో వచ్చిన అల్ట్రా హెచ్‌డీఆర్ ఫొటో పైకి మామూలు జేపెగ్‌లాగే ఉంటుంది కానీ లోపల గెయిన్ మ్యాప్ (ఏ చోట వెలుగు ఎంత పెంచాలో చెప్పే చిన్న బొమ్మ) ఉంటుంది. అది చెక్కుచెదరకుండా చేతికొస్తే కింద చెప్పే తంటా చాలావరకు తప్పుతుంది.

అది దొరకనప్పుడు ఫొటోషాప్‌లో తెరవండి. రంగుల ప్రొఫైల్ లేని ఫైలైతే అసైన్ ప్రొఫైల్‌లో ఎస్‌ఆర్‌జీబీ (తెరలకు మామూలుగా వాడే రంగుల ప్రమాణం) ఇవ్వండి, కన్వర్ట్ జోలికి వెళ్లొద్దు. తర్వాత మోడ్ 16 బిట్‌కు మార్చండి. నేరుగా 32కి దూకితే చాలా ఫిల్టర్లు పనిచేయవు, అందుకే శుభ్రం చేసే పనంతా ఇక్కడే.

రెడ్యూస్ నాయిస్‌లో జేపెగ్ ఆర్టిఫాక్ట్ తీసేసే టిక్ పెట్టి, స్ట్రెంగ్త్ 2, కలర్ నాయిస్ 40 శాతం దగ్గర మొదలుపెట్టండి. షార్పెన్ డీటెయిల్స్ సున్నా. షార్పెన్ చేస్తే 8×8 పిక్సెళ్ల గళ్ల అంచులు తేలతాయి, ఎక్స్‌పోజర్ పెంచాక ఇంకా కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఎర్రచీర అంచున రంగు పక్కకు కారినట్టుంటే కారణం 4:2:0. నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు నమూనా దాచారన్నమాట. లాసీ వెబ్‌పీలో (నాణ్యత కొంత వదిలేసే మరో నెట్ ఫార్మాట్) ఎప్పుడూ ఇంతే. ఆకాశంలో చారలుంటే యాడ్ నాయిస్ 0.5 శాతం, గాసియన్, మోనోక్రోమాటిక్.

ఇక హైలైట్లు. ఛానెల్స్ ప్యానెల్‌లో ఆర్‌జీబీ మీద కంట్రోల్ నొక్కి క్లిక్ చేసి, ఆ సెలెక్షన్‌ను ఆల్ఫాగా (రంగులకు తోడుగా ఉండే అదనపు ఛానెల్) దాచండి. దాని మీద లెవెల్స్ తెరిచి నలుపు పాయింటు 230కి తెచ్చి, 2–3 పిక్సెళ్ల గాసియన్ బ్లర్ ఇవ్వండి. బ్లర్ మానేస్తే వెలుగు చుట్టూ కత్తిరించినట్టు గీత వస్తుంది. ఇప్పుడు 32 బిట్‌కు మారి, ఆల్ఫాను సెలెక్షన్‌గా లోడ్ చేసి, ఎక్స్‌పోజర్ లేయర్ +2 ఇవ్వండి. అంటే నాలుగు రెట్లు. తెల్లచొక్కా, గోడ లాంటివి మాస్క్‌లోకి (ఆ సెలెక్షన్ నుంచి లేయర్‌కు వచ్చిన హద్దు) వస్తే చేత్తో చెరిపేయండి. బల్బు వెలగాలి, చొక్కా వెలగకూడదు.

దీపం ఫొటోలో ఇంకో చిక్కు. జ్వాల అంచున ఎరుపు ముందే 255 తాకేస్తుంది, ఆకుపచ్చ మాత్రం పెరుగుతూనే ఉంటుంది, అందుకే నారింజ కాస్తా పసుపు అవుతుంది. మూడు ఛానెళ్లనూ ఒకే లెక్కన పెంచితే ఆ తప్పు పసుపే ఇంకా మండుతుంది. అక్కడ ఎరుపును విడిగా కాస్త ఎక్కువ లేపాలి.

సేవ్ చేసే ముందు లేయర్లు ఫ్లాటెన్ చేసి ఆల్ఫాను తీసేయండి, లేకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని ట్రాన్స్‌పరెన్సీ అనుకుంటాయి. 16 బిట్ హాఫ్ ఫ్లోట్ (దశాంశ విలువలు దాచే పద్ధతి) చాలు. కంప్రెషన్ లేకుండా 1920×1080 బొమ్మ సుమారు 12 ఎంబీ. జిప్ పెడితే నాణ్యత పోకుండానే తగ్గుతుంది.

మాస్క్ తాకని చోట, ఎస్‌ఆర్‌జీబీలో 128 ఉన్న పిక్సెల్ ఈఎక్స్‌ఆర్‌లో 0.216 చూపాలి. 0.5 చూపితే గామా (ఎస్‌ఆర్‌జీబీ వెలుగు విలువలను వంచి దాచే లెక్క) విప్పకుండానే సేవ్ అయింది, బొమ్మ వెలిసినట్టుంటుంది. అంకె సరిగ్గానే ఉండి బొమ్మ చీకటిగా కనిపిస్తే, తెరిచిన సాఫ్ట్‌వేర్ దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుంటోంది. ఇన్‌పుట్‌ను లీనియర్‌కు (గామా లేని లెక్క) మార్చండి.

ఈ ఫైలుతో త్రీడీ సీన్‌కు లైటింగ్ ఇద్దామనుకుంటే మాత్రం సూర్యుడిని నమ్ముకోవద్దు. అసలు సూర్యుడి విలువ ఆకాశానికి లక్ష రెట్లకు పైనే, మనం ఇచ్చింది నాలుగు. నీడలు పలచగా పడతాయి. సన్ లైట్ విడిగా పెట్టి, ఈ బొమ్మను ఆకాశపు వెలుగుకే వాడండి.