లారవెల్‌లో ఇన్‌స్టన్స్‌ఆఫ్ ఎప్పుడూ ఫాల్స్ ఇస్తుంటే

సమస్య: లారవెల్ (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) కంట్రోలర్‌లో ఒక విలువ కార్బన్ (తేదీల లైబ్రరీ) తేదీ అవునో కాదో చూడటానికి ఇన్‌స్టన్స్‌ఆఫ్ (ఆబ్జెక్ట్ ఫలానా క్లాస్‌దేనా అని చూసే ఆపరేటర్) పెట్టారు. డంప్ చేస్తే కార్బన్ అనే కనిపిస్తోంది. అయినా ఇఫ్ లోపలికి వెళ్లదు. ఎర్రర్ రాదు, లాగ్ ఖాళీ.

కారణం: ముందు ఫైలు పైన యూజ్ లైన్ (వేరే చోటి క్లాస్‌ను పూర్తి పేరుతో తెచ్చుకునే లైన్) ఉందో లేదో చూడండి. అది లేకపోతే పీహెచ్‌పీ ఆ పేరును ఆ ఫైలు నేమ్‌స్పేస్‌లోనే (క్లాస్ పేర్లకు ఫోల్డర్ లాంటిది) వెతుకుతుంది. మీరు రాసింది కార్బన్. అది చదువుకున్నది యాప్\హెచ్‌టీటీపీ\కంట్రోలర్స్\కార్బన్. అలాంటి క్లాసే లేదు. న్యూ రాసి ఉంటే క్లాస్ దొరకలేదని అక్కడే ఆగిపోయేది. ఇన్‌స్టన్స్‌ఆఫ్ ఆటోలోడర్‌ను (క్లాస్ ఫైలును వెతికి లోడ్ చేసేదాన్ని) కూడా పిలవదు, గప్‌చుప్‌గా ఫాల్స్ ఇచ్చేస్తుంది. లోడే కాని క్లాస్‌కు ఆబ్జెక్ట్ ఎక్కడి నుంచి వస్తుంది? లెక్క ప్రకారం దాని జవాబు సరైనదే, టెన్షన్ మాత్రం మనకి.

ట్రై-క్యాచ్ పెట్టినా 500 పేజీ వస్తోందంటే అక్కడా ఇదే చూడండి. నేమ్‌స్పేస్ ఉన్న ఫైలులో ఎక్సెప్షన్ ముందు బ్యాక్‌స్లాష్ మరిచిపోతే ఆ క్యాచ్ ఉన్నా లేనట్టే. ఫంక్షన్లు సొంత నేమ్‌స్పేస్‌లో దొరక్కపోతే పీహెచ్‌పీ గ్లోబల్‌లో వెతుకుతుంది, క్లాసులకు ఆ వెసులుబాటు లేదు.

పరిష్కారం: పొట్టి పేర్లను నమ్మకండి. ఆబ్జెక్ట్‌కు గెట్‌క్లాస్ ఇచ్చే పేరునూ, మీరు రాసిన పేరు చివర ::క్లాస్ తగిలిస్తే వచ్చే పేరునూ ఒకే డీడీలో (డంప్ చేసి అక్కడే ఆపే లారవెల్ ఫంక్షన్) పక్కపక్కన ప్రింట్ చేయండి. ::క్లాస్ ఆ క్లాస్ ఉందో లేదో చూడదు, పూర్తి పేరు మాత్రం చెప్పేస్తుంది. తేడా ఉంటే అక్కడే దొరుకుతుంది.

యూజ్ లైన్ ఉన్నా తప్పు క్లాస్‌ది కావచ్చు. రిక్వెస్ట్ అని టైప్ చేయగానే ఎడిటర్ ఒక్కోసారి ఇల్యూమినేట్\హెచ్‌టీటీపీ లోని దానికి బదులు అదే పేరున్న ఫసాడ్‌ను (లారవెల్ సర్వీస్‌ను స్టాటిక్‌గా పిలిచే వేరే క్లాస్) దించేస్తుంది. ఇది చాలా మామూలు.

పేర్లు నిజంగానే వేరైతే చెక్‌నే మార్చాలి. కార్బన్‌ఇమ్యూటబుల్ అనేది కార్బన్‌కు పిల్ల క్లాస్ కాదు, కాబట్టి రెండూ పాటించే కార్బన్‌ఇంటర్‌ఫేస్‌తో చూడండి. ఎలోక్వెంట్ (లారవెల్ డేటాబేస్ భాగం) కలెక్షన్ సపోర్ట్ కలెక్షన్ నుంచి పుట్టింది, అందుకే సపోర్ట్ పేరుతో చూస్తే రెండూ పాసవుతాయి, ఎలోక్వెంట్ పేరుతో చూస్తే మామూలు కలెక్షన్ ఫెయిలవుతుంది. ట్రెయిట్ (క్లాసుల్లో కలుపుకునే కోడ్ ముక్క) పేరుతో అయితే ఎప్పటికీ ట్రూ రాదు.

ఇవన్నీ కంటితో వెతకడం విసుగే. పీహెచ్‌పీస్టాన్ (కోడ్‌ను నడపకుండానే తప్పులు పట్టే టూల్) నడిపితే లేని క్లాస్ పేరును లెవెల్ 0లోనే లైన్ నంబరుతో చూపిస్తుంది.