మిద్దె మీది గ్రీన్‌హౌస్‌లో టమాటా: పూత రాలకుండా కాయ నిలవాలంటే ఎలా?

మిద్దె మీద చిన్న గ్రీన్‌హౌస్ కట్టుకుని టమాటా వేసినవాళ్లను కదిలిస్తే చాలామంది చెప్పేది ఒకటే. మొక్క తలదాకా పెరిగింది, పూత కూడా బాగానే వచ్చింది, కానీ వచ్చిన పూత వచ్చినట్టే రాలిపోయింది. మరి ఏం చేశారని అడిగితే ఇంకాస్త ఎరువు వేశాం, షాపులో ఇచ్చిన టానిక్ కొట్టాం అంటారు. పెరట్లో గిన్నెలు కడిగే చోట దానంతటదే మొలిచిన మొక్క కాస్తుంది, వేలు ఖర్చు పెట్టి కట్టిన నెట్ లోపలి మొక్క కాయదు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే లోపం మొక్కలో లేదు. గాలి, తుమ్మెద లోపలికి రాకుండా నెట్ కట్టేశాం. పువ్వును అదిలించి పుప్పొడి రాల్చే వాటి పని ఇక మనమే చేయాలి. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

మిగతా పనులన్నీ తేలిక, గబగబా చెప్పేస్తాను. నేను చెప్పే నెలలు హైదరాబాద్, వరంగల్, కర్నూలు లాంటి ఊళ్లకు సరిపోతాయి. విజయవాడ, విశాఖ వైపు రాత్రుళ్లు ఆలస్యంగా చల్లబడతాయి కాబట్టి అక్కడివాళ్లు అన్నిటినీ ఒక నెల ఆలస్యంగా చేసుకోవాలి.

కావలసినవి

పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు చోటు చాలు. జీఐ పైపుల ఫ్రేమ్, ఎత్తు కనీసం 7 అడుగులు. పక్కలకూ పైనా 40 మెష్ (అంగుళానికి 40 రంధ్రాల) పురుగుల నెట్, పైన దాని మీద ఎండను 35 శాతం ఆపే షేడ్ నెట్. షాపులో అడిగితే 75 శాతం ఆకుపచ్చ నెట్ చుట్టి ఇచ్చేస్తారు, తీసుకోకండి. అది నర్సరీవాళ్లకు, ఇంట్లో పెంచే ఆకు మొక్కలకు పనికొస్తుంది. టమాటాకు వెలుతురు కావాలి. నెట్ తెల్లదే కొనండి. చలికాలంలో షేడ్ నెట్ తీసేసేలా హుక్కులు పెట్టించుకోండి.

ప్లాస్టిక్ షీటు కప్పాలా అని అడుగుతారు. ఇంగ్లండ్‌లోనో కెనడాలోనో ఉన్న మనవాళ్లు గాజుతో, షీటుతో కట్టేది లోపల వేడి నిలవడానికి. మనకు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం: ఎండ తగ్గాలి, పురుగు రాకూడదు, గాలి ఆడాలి. అందుకే వాన ఆగకుండా పడే రోజుల్లో తప్ప షీటు జోలికి వెళ్లొద్దు. వేసినా పైన మాత్రమే వేయండి, పక్కలు తెరిచే ఉంచండి.

15 అంగుళాల గ్రో బ్యాగులు పదహారు, బ్యాగుకు ఒకే మొక్క. ఎర్రమట్టి రెండు పాళ్లు, వర్మీకంపోస్ట్ ఒక పాలు, బాగా కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, బ్యాగుకు రెండు గుప్పిళ్ల వేప పిండి. నల్లమట్టి వద్దు, నీళ్లు నిలుస్తాయి. వీటితో పాటు ఒక మాక్స్-మిన్ థర్మామీటర్, అంటే రోజులో ఎక్కువ, తక్కువ వేడి రెండూ చూపించేది కావాలి. తేమ శాతం కూడా చూపించేదైతే మేలు. ఇంకొకటి బ్యాటరీతో నడిచే టూత్‌బ్రష్. ఈ రెండూ లేకుండా గ్రీన్‌హౌస్ మొదలుపెట్టకండి.

విత్తనం, నారు, నాటడం

ఆగస్టు చివరి వారంలో విత్తనం వేయాలి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ నా మొదటి ఎంపిక. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది. హైబ్రిడ్ కాబట్టి దాని కాయల గింజలు దాచి మళ్లీ వేస్తే అదే మొక్క రాదు. చారుకు, పచ్చడికి నాటు టమాటానే కావాలనుకుంటే నాలుగు బ్యాగులు దానికి ఇవ్వండి. మొదటిసారి పెంచుతున్నవాళ్లు రెండు చెర్రీ మొక్కలు తప్పకుండా పెట్టాలి. అవి సులువుగా కాస్తాయి, ధైర్యం వస్తుంది.

ప్రోట్రేలో (నారు పెంచే గుంటల ట్రేలో) కొబ్బరి పొట్టు నింపి గింజ అర సెంటీమీటరు లోతున వేయండి. 25 నుంచి 30 రోజులకు నారు సిద్ధం. నాటేటప్పుడు కింది ఆకులు తీసేసి కాండం సగం దాకా మట్టిలోకి దించాలి. పూడిన కాండం పొడవునా వేర్లు వస్తాయి. సాయంత్రం పూట నాటి నీళ్లు పోయండి.

పది రోజుల తర్వాత పై పైపు నుంచి సుతిలి వేలాడదీసి మొక్కకు వదులుగా చుట్టాలి. ఒక్క కాండమే ఉంచాలి. ఆకుకీ కాండానికీ మధ్య వచ్చే పిలకలను వేలెడంత కాకముందే వేళ్లతో తుంచేయండి. రెండు కాండాలు ఉంచితే ఎక్కువ కాస్తాయంటారు. ఇంత చిన్న చోట అది గాలిని ఆపే పొద తప్ప ఇంకేం కాదు.

నీళ్లు ఉదయమే, రోజూ ఒకే సమయానికి. రెండు రోజులు మానేసి మూడోరోజు బకెట్ పోస్తే కాయ అడుగున నల్లటి కుళ్లు మచ్చ వస్తుంది. అది చూసి గుడ్డు పెంకులు పొడి చేసి వేస్తారు. మట్టిలో కాల్షియం ఉన్నా, నీళ్లు సమంగా అందకపోతే అది కాయ దాకా చేరదు. పెంకులు మట్టిలో కరగడానికి చాలాకాలం పడుతుంది, ఆ లోపు పంటే అయిపోతుంది.

పూత: ఇక్కడ తొందరపడకండి

అక్టోబరు చివరికి మొదటి గుత్తి విచ్చుకుంటుంది. అంతా చెడేదీ, బాగుపడేదీ ఇక్కడే.

ముందు పువ్వును దగ్గర పెట్టుకుని చూడండి. రేకులు వెనక్కి ఒంగి ఉంటాయి, మధ్యలో పసుప్పచ్చ గొట్టం ఒకటి ముందుకు పొడుచుకుని ఉంటుంది. పుప్పొడి ఆ గొట్టం లోపలి గోడల నుంచి రాలుతుంది. దాన్ని అందుకునే కీలాగ్రం కూడా ఆ గొట్టంలోనే ఉంటుంది. అంటే ఆడ, మగ రెండూ ఒకే పువ్వులో, ఒకే గదిలో ఉన్నాయి. ఇంకో మొక్క నుంచి ఏమీ తేనక్కర్లేదు. కావలసింది పువ్వు అదరడం. బయట ఉంటే గాలికి ఊగి కొంత రాలుతుంది. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఒళ్లంతా అదిరేలా ఝుమ్మంటే పూర్తిగా రాలుతుంది. తేనెటీగలకు ఇలా అదిలించడం రాదు. అందుకే టమాటా కోసం మిద్దె మీద తేనెటీగల పెట్టె పెట్టినా ఉపయోగం లేదు.

ఇది మన మిద్దెల సమస్యే కాదు. హాలండ్, బెల్జియం గాజు ఇళ్లలో 1980ల దాకా పనివాళ్లు అదిరే కర్రలు పట్టుకుని గుత్తి గుత్తికీ తాకిస్తూ తిరిగేవాళ్లు. 1980ల చివర్లో బంబుల్‌బీ అనే బొద్దు ఈగల పెట్టెలు అమ్మకానికి వచ్చాక ఆ కర్రలు మూలపడ్డాయి. అంత పెద్ద వ్యాపారంలోనే ఈ పనికి మనుషుల్ని పెట్టుకున్నారంటే, దీన్ని వదిలేసి టానిక్కులు కొట్టడంలో అర్థం లేదని తెలుస్తుంది.

పని ఇలా చేయాలి. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర మధ్య వెళ్లండి. అంతకుముందు వెళ్తే పువ్వులో చెమ్మ ఉంటుంది, పుప్పొడి ముద్దకట్టి రాలదు. ఇంట్లో ఉదయం ఏడింటికి ఖాళీ దొరుకుతుంది కదా అని అప్పుడే చేసేవాళ్లున్నారు, ఆ శ్రమ వృథా. థర్మామీటర్ మీద తేమ 80 శాతం పైన ఉంటే తలుపు తీసి, పక్క నెట్ ఒకవైపు పైకి చుట్టి, 70కి దిగేదాకా ఆగండి.

టూత్‌బ్రష్ ఆన్ చేసి, దాని వెనుక భాగాన్ని గుత్తి కాడకు ఆనించండి. పువ్వుకు కాదు, కాడకు. రేకులకో గొట్టానికో తగిలిస్తే గోధుమ రంగు గాయం పడి ఆ పువ్వు పోతుంది. ఒక్కో గుత్తికి రెండు మూడు సెకన్లు చాలు. రేకులు బాగా వెనక్కి ఒంగిన పువ్వులకే ఫలితం ఉంటుంది. మొగ్గలను ఎంత అదిలించినా ఏమీ కాదు, అవి రెండు రోజులకు విచ్చుకుంటాయి. అందుకే రోజు విడిచి రోజు చేయాలి. వారానికోసారి చేస్తే సగం పువ్వులు మీరు వెళ్లని రోజుల్లోనే విచ్చుకుని వాడిపోతాయి. టూత్‌బ్రష్ లేని రోజు సుతిలిని వేలితో గట్టిగా మీటండి. కొంత పని అవుతుంది కానీ పై గుత్తులకే, కింది వాటికి ఆ అదురు చేరదు.

పుప్పొడి రాలుతోందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. ఫోను స్క్రీన్ ఆఫ్ చేసి పువ్వు కింద పట్టుకుని కాడను అదిలించండి. నల్లటి అద్దం మీద పసుప్పచ్చ పొడి కనిపించాలి. కనిపిస్తే అంతా బాగున్నట్టే. రెండు మూడు గుత్తుల కింద చూసినా ఏమీ పడకపోతే సమస్య అదిలించడంలో లేదు, వేడిలోనో తేమలోనో ఉంది.

కొందరు పెయింట్ బ్రష్‌తో పువ్వు మీద రాస్తారు. బీర, సొర, గుమ్మడి తీగలకు అది సరైన పద్ధతి. వాటిలో మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు, పుప్పొడి పైకే కనిపిస్తుంది. టమాటాలో పుప్పొడి గొట్టం లోపల ఉంటుంది. బయట ఎంత రాసినా బ్రష్‌కు ఏమీ అంటదు. వీడియోల్లో ఈ పని చేసి చూపించేవాళ్లను చూసి చేయకండి.

ఇక వేడి. పగలు 32 డిగ్రీలు దాటితే, రాత్రి 22కు దిగకపోతే పుప్పొడి దెబ్బతింటుంది. మనవాళ్లు పగటి ఎండనే చూస్తారు, రాత్రి వేడి కూడా అంతే చేటు. విత్తనం జనవరిలో వేస్తే పూత మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది, అప్పుడు ఏం చేసినా నిలవదు. ఆగస్టు చివర వేయమని నేను పట్టుబట్టేది అందుకే. ఇందులో ఇంకో సంగతి ఉంది. పుప్పొడి తయారయ్యేది పువ్వు విచ్చుకోవడానికి ఒకటి రెండు వారాల ముందు, చిన్న మొగ్గగా ఉన్నప్పుడు. ఎక్కువగా దెబ్బతినేది అప్పుడే. కాబట్టి ఈరోజు వాతావరణం హాయిగా ఉన్నా పువ్వులు రాలుతున్నాయంటే గత రెండు వారాల మాక్స్-మిన్ లెక్క తీసి చూడండి. ఎండ ఎక్కువైన రోజులు అక్కడ దొరుకుతాయి. ఈలోగా మొక్కను మందులతో హింసించకండి. తర్వాతి గుత్తి నిలుస్తుంది.

ఫిబ్రవరి మధ్యాహ్నాల్లో ఎదురయ్యేది వేరే సమస్య. తేమ 40 శాతం కంటే కిందికి పడిపోయి కీలాగ్రం ఎండిపోతుంది, పుప్పొడి అంటుకోదు. పదకొండు గంటలకు మిద్దె నేల మీద నీళ్లు చల్లండి. మొక్కల మీద కాదు, నేల మీద.

నిలిచిందో లేదో మూడు నాలుగు రోజుల్లో తెలుస్తుంది. ప్రతి పువ్వు కాడ మీద వేలి కణుపులా ఒక కీలు ఉంటుంది. ఆ కీలు దగ్గర పసుపు తిరిగితే పువ్వు రాలిపోతుంది. పచ్చగా ఉండి, రేకులు ఎండి, వాటి వెనుక మిరియం గింజంత ఆకుపచ్చ పిందె కనిపిస్తే గెలిచినట్టే. గుత్తికి ఐదారు పిందెలు ఉంచి చివరివి తుంచేయండి.

పూత నిలవడానికి హార్మోన్ మందు కొట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. కాయ నిలుస్తుంది, నిజమే. కానీ పుప్పొడి అందకుండా ఊరిన కాయలో గింజలు ఉండవు, లోపల బోలుగా ఉంటుంది. మోతాదు కాస్త మించినా లేత ఆకులు మెలికపడతాయి. ఇంట్లో తినడానికి పెంచుకుంటూ రెండు సెకన్ల పనికి బదులు మందు కొట్టడం నేను ఒప్పుకోను.

ఎరువు గురించి ఇక్కడే చెప్పాలి. ఆకులు ముదురు పచ్చగా, లావుగా, కొసలు కిందికి చుట్టుకుని ఉంటే నత్రజని ఎక్కువైంది. పూత మొదలయ్యాక పశువుల పేడ నీళ్లు, వర్మీకంపోస్ట్ ఆపేసి పొటాష్ మీదికి మారండి. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ లీటరు నీళ్లకు రెండు గ్రాములు, పది రోజులకోసారి మొక్క మొదట్లో పోస్తే చాలు.

పురుగులు, కోత

తెల్లదోమ ఆకుముడత వైరస్ తెస్తుంది. తలుపు దగ్గర ఇంకో నెట్ తెర వేలాడదీయండి, లోపల పసుపు జిగురు అట్టలు రెండు కట్టండి. ముడుచుకున్న మొక్క కోలుకోదు, పీకి కవర్లో కట్టి పారేయాలి. వేడి, పొడి రోజుల్లో ఆకు అడుగున ఎర్ర నల్లి చేరుతుంది. వేప నూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టండి, విచ్చుకున్న పువ్వుల మీద పడనివ్వకండి. కింది గుత్తి కాయలు రంగు తిరిగాక దాని కింద ఉన్న ఆకులన్నీ తీసేస్తే గాలి బాగా ఆడుతుంది.

కాయ కింది వైపు గులాబీ రంగు తిరగగానే కోసి వంటింట్లో బయట పెట్టండి, రెండు మూడు రోజుల్లో పూర్తిగా పండుతుంది. ఫ్రిజ్‌లో పెడితే వాసన, రుచి రెండూ పోతాయి. మార్చి చివర్లో పూత నిలవడం ఆగిపోగానే మొక్కలు తీసేయండి. ఆ మట్టిలో తర్వాతి పంటగా వంగ, మిర్చి వేయొద్దు, అవీ టమాటా కుటుంబమే. తోటకూరో, బెండో, గోరుచిక్కుడో వేయండి.