వానలకు ముందు పాత బుల్లెట్ డ్రమ్ బ్రేకులు: జాగ్రత్తలు

- చక్రం విప్పి పెట్టాక వెనక బ్రేక్ ప్లేటు (డ్రమ్‌ను మూసే పళ్లెం) తిరగకుండా పట్టి ఉంచే యాంకర్ నట్ మళ్లీ బిగించారా? అది ఊడిపోతే బ్రేక్ తొక్కగానే ప్లేటు తిరిగి చక్రం పట్టేయొచ్చు. నేను మొదట చూసేది ఇదే.

- షూలు (డ్రమ్ లోపలి గోడకు ఆని చక్రాన్ని ఆపే ముక్కలు) సెంటర్ కావాలంటే యాక్సిల్ నట్, యాంకర్ నట్ కాస్త వదులు చేసి, పెడల్ గట్టిగా తొక్కిపట్టి బిగించండి. పెడల్ వదిలేసి బిగిస్తే ఒక షూనే ఎక్కువగా ఆనుతుంది, ఎంత అడ్జస్ట్ చేసినా బ్రేక్ సరిగా పట్టదు. తొక్కడానికి ఇంకొకరు ఉంటే మేలు.

- చైన్ టెన్షన్ ముందు, బ్రేక్ తర్వాత. చక్రం జరిగితే పెడల్ నుంచి వచ్చే బ్రేక్ రాడ్డు సెట్టింగ్ మారిపోతుంది.

- బ్రేక్ పట్టినప్పుడు, షూలను బయటికి నెట్టే క్యామ్ లివర్‌కి, రాడ్డుకి మధ్య కోణం 90 డిగ్రీలు దాటుతుంటే డ్రమ్ విప్పి షూలు చూడండి. ఇక రాడ్డు చివరి అడ్జస్టర్ నట్ తిప్పుతూ నెట్టుకురావద్దు.

- లోపలి దుమ్ము ఊదకండి. షూల మీది పాత లైనింగుల్లో (అరిగే పొరలో) ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి.